‘నేటివ్’ శబ్దం: పాత పత్రికలలో అర్థభేదాలు, అనువాదకుని నైతిక బాధ్యత

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలోనూ మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల మీద నివేదికలు తయారు చేయించేది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందుస్తానీ పత్రికలలో వచ్చిన విషయాలను అనువాదకులు ఇంగ్లీషులోకి సంగ్రహించేవారు. వాటిని అచ్చు వేయించి ఉన్నతోద్యోగులకు గోప్యంగా అందించేవారు. విదేశ రాజకీయాలు, స్వదేశ పరిపాలన, శాసన నిర్మాణం, నేటివ్ సంస్థానాలు, పంటల స్థితి, ప్రజల స్థితి, ఇతర విషయాలు అన్న శీర్షికల కింద ఆ సంగ్రహాలు ఉండేవి. తెలుగు పత్రికా చరిత్ర మీద పనిచేసేవారికి ‘నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్’గా పరిచితమైన ఈ సంపుటాలు నేడు అనివార్యమైన ఆధారాలు. మూల సంచికలు చెదలకూ చెమ్మకూ అశ్రద్ధకూ బలైపోయిన చోట, ఒక తెలుగు సంపాదకుడు ఏమన్నాడో తెలుసుకోవడానికి అతని మీద నిఘా పెట్టిన ప్రభుత్వమే సాక్షిగా మిగిలింది.

ఈ సాక్ష్యాన్ని వినియోగించుకునే పరిశోధకుడు దానిని మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవలసి వస్తుంది. తెలుగులో పుట్టి, ఇంగ్లీషులో బతికి, తిరిగి తెలుగులోకి వచ్చే ఆ వాక్యంలో అడుగడుగునా తగిలే మాట ‘నేటివ్’. నేటివ్ పత్రిక, నేటివ్ మేజిస్ట్రేటు, నేటివ్ క్రైస్తవులు, నేటివ్ వైద్యుడు, నేటివుల మనోభావాలు. దీనికి తెలుగు సిద్ధాంత గ్రంథాలలో దేశీయుడు, స్వదేశీయుడు, స్థానికుడు, భారతీయుడు అన్న నాలుగు పర్యాయాలూ కనిపిస్తాయి. సందర్భానుసారంగా ఏదో ఒకటి వేసి ముందుకు పోవడం అలవాటు. అయితే ఆ నాలుగు మాటలలో ఏదీ తిట్టు కాదు. పాత పత్రికలలో ‘నేటివ్’ చాలాచోట్ల తిట్టు. కొన్నిచోట్ల మాత్రం కాదు. తిట్టును మర్యాదగా మార్చి చెప్పడం చరిత్రకు అన్యాయం. తిట్టు కానిదానిని తిట్టుగా చదవడం రచయితకు అన్యాయం. ఇంతకూ ఆ మాటలోని అవమానం ఎక్కడ ఉంది? పదంలోనా, పలికినవాని మనసులోనా, వీటికి వెలుపల మరెక్కడైనానా? ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు లేనిదే అనువాదకుడు ఒక్క వాక్యమైనా రాయలేడు.

యోగం, రూఢి

నేటివ్ శబ్దానికి మూలం లాటిన్‌లో పుట్టుకను చెప్పే ధాతువు. అదే ధాతుకుటుంబంలోనిది సంస్కృతంలోని ‘జన్’. ఆ లెక్కన నేటివ్, జాత శబ్దాలు దాయాదులు. కనుక యోగార్థం స్పష్టం: ‘ఫలానా చోట పుట్టిన’ అని. ఈ అర్థంలో లోకంలో నేటివ్ కానివాడు ఒక్కడూ లేడు. అయితే మధ్యయుగపు ఇంగ్లండు న్యాయభాషలో ఈ పదపు లాటిన్ రూపానికి పుట్టుకతోనే భూస్వామికి కట్టుబడిన దాసుడన్న అర్థం ఉండేది. పారిపోయిన అటువంటి దాసుణ్ణి తిరిగి రాబట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞాపత్రం కూడా ఉండేది. ఇదే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చి ‘అమాయకుడు’ అన్న అర్థంలో మరో ఇంగ్లీషు పదమైంది. పుట్టుకను చెప్పే మాట దాస్యాన్నీ అమాయకత్వాన్నీ చెప్పడం మొదలుపెట్టింది ఇండియాలో కాదని దీనివల్ల తేలుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పత్రికలలో ఈ పదం పట్టిన దారులు విచిత్రమైనవి. లండను పత్రికల ప్రకటనలలో ‘నేటివ్’లంటే విట్‌స్టబుల్ మొదలైన చోట్ల ఆ దేశపు నీళ్లలోనే పెంచిన ఆయిస్టర్లు. భోజనప్రియులకు అదొక శ్రేష్ఠత ముద్ర. అమెరికా పత్రికలలో సంగతి ఇంకా వేరు. 1844లో ఫిలడెల్ఫియా నగరంలో ఐరిష్ కాథలిక్కుల మీద అల్లర్లు జరిగి చర్చీలు తగలబడ్డాయి. ఐరిష్ వలసలను వ్యతిరేకించిన ఆ ఉద్యమంవారు తమను తాము ‘నేటివ్ అమెరికన్లు’ అని సగర్వంగా పిలుచుకున్నారు. వారు ఐరోపా నుంచి వలస వెళ్లినవారి సంతతి. ఆ గడ్డ మీద వేల ఏళ్లుగా ఉన్నవారిని వారి పత్రికలు పిలిచిన పేరు ‘ఇండియన్లు’. నేడు అదే ‘నేటివ్ అమెరికన్’ అన్న పేరు ఆ మూలవాసులకు చెందింది. శతాబ్దిన్నర కాలంలో ఒక పదబంధం తన వాచ్యాన్ని పూర్తిగా మార్చుకుంది. పాత అమెరికా పత్రిక చదివే నేటి విద్యార్థి ఒకరి బదులు మరొకరిని ఊహించుకునే ప్రమాదం ఉంది.

అదే 1844లో గాజుల లక్ష్మీనరసుశెట్టి మద్రాసులో ‘క్రెసెంటు’ పత్రికను ప్రారంభించాడు. ఆ పత్రిక పుట్టిన ఊళ్లో నేటివ్ అంటే పాలితుడు. ఒకే సంవత్సరంలో, ఒకే భాషలో, ఒక రేవుపట్నంలో ఆ మాట పెత్తనాన్ని కోరేవారి బిరుదు, మరో రేవుపట్నంలో పెత్తనం కింద ఉన్నవారి గుర్తు. నిఘంటువులో ఈ రెంటికీ ఇవ్వదగిన అర్థం ఒక్కటే.

యోగం కంటే రూఢి బలవత్తరమని మన శాస్త్రకారుల నిర్ణయం. పంకజమంటే బురదలో పుట్టిన ప్రతిదీ కాదు, పద్మమే. నేటివ్ కూడా యోగరూఢమేనని, ఇండియాలో దానికి ‘తెల్లవాడు కాని పాలితుడు’ అన్న రూఢి ఏర్పడిందని చెప్పి ఈ చర్చను ముగించవచ్చుననిపిస్తుంది. కాని పంకజ శబ్దానికి ఉన్న సౌలభ్యం ఇక్కడ లేదు. పద్మం తన పేరు విని బదులు చెప్పదు. బురదలో పుట్టిన ఇతర జీవులు ఆ పేరు తమకు ఎందుకు దక్కలేదని అడగవు. మనిషికి పెట్టిన పేరులో యోగార్థం పూర్తిగా అణగిపోదు. ఎవరో ఒకరు దానిని తవ్వి తీసి, నీవు మాత్రం ఎక్కడా పుట్టలేదా అని అడుగుతూనే ఉంటారు.

షష్ఠి జారిపోయిన చోటు

ఇక్కడ వ్యాకరణం కొంత వెలుగు చూపుతుంది. ‘పుట్టినవాడు’ అన్న మాటకు ‘ఎక్కడ?’ అన్న ఆకాంక్ష సహజం. తండ్రి, కొడుకు, పొరుగువాడు అన్న మాటలవలె అది సంబంధిశబ్దం. ఇంగ్లీషులో ఆ సంబంధాన్ని తెలిపేది మన షష్ఠీ విభక్తికి సమానమైన ఒక చిన్న అవ్యయం. లండను పత్రికలో ఒక సైన్యాధికారి మరణవార్త వస్తే ఆయన డెవన్‌షైరుకు నేటివ్ అని రాసేవారు. అందులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. ఊరి పేరు చెప్పడమే ఉద్దేశం. అదే సైన్యాధికారి బతికి ఉండగా ఓడ ఎక్కి మద్రాసు రేవులో దిగితే, దిగిన క్షణం నుంచి అతను నేటివ్ కాడు. అక్కడ నేటివ్ అంటే అతనికి పల్లకీ మోసేవాడు, అతని కచేరీలో లెక్కలు రాసేవాడు, అతని కోర్టులో నిలబడ్డవాడు. వీరు ఎక్కడి నేటివులో ఎవరూ అడగరు. షష్ఠి జారిపోయింది. ఆకాంక్ష తీరకుండానే వాక్యం పూర్తయిందని అందరూ ఒప్పుకున్నారు. సంబంధాన్ని చెప్పే మాట జాతిని చెప్పే మాటగా మారింది.

అవమానం ఉన్న చోటు ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదన. అది పదంలో లేదు. పలికినవాని మనసులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఎంతో సౌహార్దంతో నేటివుల పక్షాన రాసిన ఇంగ్లీషు పాత్రికేయులు ఉన్నారు. వారి వాక్యాలలోనూ ఆ మాట అదే పని చేసింది. తాను కూడా ఎక్కడో ఒకచోట నేటివేనన్న సంగతి రాసేవాడు మరచిపోగలగడం, ఆ మరుపును భాష సమర్థించడం, ఇదీ దాని పని. వినేవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఈ మాట ఇటువైపు నుంచి ప్రయాణం చేసినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 1860 నవంబరులో ‘ట్రూరో’ అన్న ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తరవాతి దశాబ్దాలలో అలా వెళ్లినవారిలో తెలుగు జిల్లాలవారు చాలామంది. మద్రాసు రేవులో ఓడ ఎక్కేటప్పుడు ఆ మనిషి నేటివ్. డర్బన్‌లో దిగాక నేటివ్ కాడు. నేటాల్ పత్రికలలో నేటివ్ అంటే ఆఫ్రికావాడు. ఇతను కూలీ, లేదా ఆసియావాసి. వ్యాపారి అయిన ముస్లిమైతే అరబ్బు. దొర ఓడ దిగి నేటివ్ కాకుండా పోయినట్టే కూలీ కూడా పోయాడు. దొర విషయంలో అది పదోన్నతి. కూలీ విషయంలో మాత్రం ఒక తిట్టు పోయి మరో తిట్టు వచ్చింది.

నేటాల్‌లోని భారతీయ నాయకత్వం ఈ తేడాను ఎలా వాడుకుందో గుర్తు చేసుకోవడం అసౌకర్యమే అయినా అవసరం. డర్బన్ తపాలా కార్యాలయానికి అప్పట్లో ఐరోపావారికి ఒక ద్వారం, ఆసియావాసులకూ నేటివులకూ కలిపి మరొక ద్వారం ఉండేవి. 1890ల మధ్యలో గాంధీ నాయకత్వంలోని నేటాల్ ఇండియన్ కాంగ్రెసు దీని మీద ఆందోళన చేసింది. ఫలితంగా రెండు ద్వారాలు పోయి ఒకే ద్వారం రాలేదు. మూడు ద్వారాలు వచ్చాయి. గాంధీ తరవాతి జీవితంలో ఈ దృష్టి నుంచి చాలా దూరం నడిచాడు. కాని నేటివ్ అన్న మాటలోని అవమానాన్ని అనుభవించినవారు ఆ మాటను ఎదిరించకుండా, అది తమది కాదనీ పక్కవాడిదనీ చెప్పి తప్పుకోజూసిన సందర్భంగా ఇది చరిత్రలో నిలిచిపోయింది. 1903లో ప్రారంభమైన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో వెలువడింది. తెలుగు శీర్షిక అందులో లేదు. నేటాల్ చెరుకు తోటలలోని తెలుగువారు తమను ఏమని పిలుచుకున్నారో ఆ పత్రిక ద్వారా తెలిసే దారి లేదు.

తెలుగులోనూ ఇటువంటి జంట ఒకటుంది: నాటు, సీమ. నాటు అంటే నాడుకు చెందినది. సీమ అన్నది సరిహద్దునూ ప్రాంతాన్నీ చెప్పే మాటే అయినా, దొరల కాలంలో ఓడలో వచ్చిన ప్రతిదానికీ విశేషణమైంది. సీమసరుకు, సీమదొర, సీమసున్నం, చివరికి సీమచింత. నాటు వైద్యం అన్నప్పుడు గొంతు తగ్గుతుంది. నాటు కోడి అన్నప్పుడు ధర పెరుగుతుంది. మనిషికి చేర్చినప్పుడు మాత్రం నాటు మోటుకు తోడవుతుంది. ఆ మాటనే రెండుసార్లు పలికే సినిమా పాటకు 2023లో ఆస్కారు వచ్చినప్పుడు తెలుగు పత్రికలు అందులోని మోటుదనాన్నే గర్వకారణంగా రాసుకున్నాయి. అయితే నాటు ఎప్పుడూ ‘ఎక్కడి?’ అన్న ప్రశ్నను పూర్తిగా వదులుకోలేదు. అందులోని నాడు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. నేటివ్‌లోని పుట్టుక ఇంగ్లీషు చెవికి అంతగా వినిపించదు.

ఆ పేరుతోనే నిలబడినవారు

1852లో లక్ష్మీనరసుశెట్టి ప్రభృతులు స్థాపించిన సంఘం పేరు మద్రాసు నేటివ్ అసోసియేషన్. బొంబాయిలో 1864లో విశ్వనాథ్ నారాయణ్ మండలిక్ ప్రారంభించిన పత్రిక పేరు ‘నేటివ్ ఒపీనియన్’. దక్షిణాఫ్రికాలో జాన్ టెంగో జబావు 1884లో షోసా భాషలో ప్రారంభించిన పత్రికకు ఇంగ్లీషు పేరు కూడా ‘నేటివ్ ఒపీనియన్’. అక్కడే 1912లో ఏర్పడిన దక్షిణాఫ్రికా నేటివ్ నేషనల్ కాంగ్రెసు 1923లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు అయింది. ఇన్నిచోట్ల, ఇందరు ఆత్మాభిమానం కలవారు ఆ మాటను తమకు తామే ఎందుకు తగిలించుకున్నారు? అప్పటికి అందులో తిట్టు లేదనడం చెల్లదు. వారికి తెలియదనడం మరీ చెల్లదు. తిట్టును బిరుదుగా మార్చుకోవాలన్న తిరుగుబాటు నేటి పాఠకునికి వెంటనే తోచే వివరణ. కాని ఆ కాలపు అర్జీల భాషలో అటువంటి ధ్వని వినబడదు.

కారణం శాసనాలలో ఉంది. 1833 చార్టరు చట్టం 87వ సెక్షన్ కంపెనీ రాజ్యంలోని నేటివ్ ఎవరికీ మతం, జన్మస్థలం, వంశం, వర్ణం కారణంగా ఉద్యోగార్హత లేకుండా పోదని చెప్పింది. 1858 నాటి విక్టోరియా రాణి ప్రకటన ఇతర ప్రజల పట్ల తనకున్న బాధ్యతలే ఇండియా నేటివుల పట్ల కూడా ఉన్నాయని చెప్పింది. హామీ ఆ పేరు మీద రాసి ఉంది. బాకీ వసూలు చేయదలచినవాడు పత్రంలో తన పేరు ఎలా రాసి ఉంటే అలాగే పలకాలి. పేరు నచ్చలేదని పక్కకు జరిగితే బాకీ కూడా జరిగిపోతుంది. మద్రాసు నేటివ్ అసోసియేషన్ పార్లమెంటుకు పంపిన అర్జీలో ఆ మాట వినయం కాదు, లొంగుబాటు కాదు. అది హక్కుదారు చేసిన సంతకం. ఈ దృష్టితో చూస్తే, ఆ సంఘం పేరును ‘మద్రాసు స్వదేశీ సంఘం’ అని తెలుగు చేయడం దానికి మేలు చేసినట్టు కనిపిస్తూనే దాని వాదనాబలాన్ని తీసివేస్తుంది. స్వదేశీ అన్నది 1905 తరవాతి ఆవేశాన్ని మోసుకొచ్చే మాట. 1852 నాటి పోరాటం వేరు.

అయితే ఆ పేరుకు చెల్లించవలసిన మూల్యం కూడా త్వరలోనే బయటపడింది. అసోసియేషన్ చేసిన ఫిర్యాదులలో ముఖ్యమైనది శిస్తు వసూలు కోసం రైతులను హింసించడం. 1853లో వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమూరును లక్ష్మీనరసుశెట్టి జిల్లాలలో తిప్పి రైతుల గోడు వినిపించాడు. 1854లో హింసల విచారణ సంఘం ఏర్పడింది. 1855లో దాని నివేదిక వచ్చింది. హింస జరుగుతున్నదని సంఘం ఒప్పుకుంది. కాని అది చూపిన ముద్దాయి ఎవరు? నేటివ్ ఉద్యోగి. ప్రజలు కాపాడమని వేడుకుంటున్నది తోటి నేటివుల క్రౌర్యం నుంచే గాని ఐరోపా అధికారుల నిర్దయ నుంచి కాదని ఆ నివేదిక తేల్చింది. ఎండలో నిలబెట్టబడిన రైతు నేటివ్. నిలబెట్టిన బంట్రోతు నేటివ్. పన్ను ఎంతో నిర్ణయించి, వసూలు కాకపోతే సంజాయిషీ అడిగిన కలెక్టరుకు మాత్రం ఆ వాక్యంలో చోటు లేదు. బాధితుణ్ణీ బాధించినవాణ్ణీ ఒకే మాట కింద చేర్చడంతో, మూడో మనిషి చిత్రం నుంచి తప్పుకున్నాడు. ఇక్కడ నేటివ్ శబ్దం ఎవరినీ తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేసింది. నేరాన్ని పంచింది.

1857 సెప్టెంబరు 17న ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’ పత్రికలో కార్ల్ మార్క్స్ ఈ నివేదిక మీద రాశాడు. ఇండియాలో హింస ఒక ఆర్థిక వ్యవస్థగా ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకున్నదని, అయితే ఆ ఒప్పుకోలు తనను తాను కాపాడుకునే తీరులో ఉన్నదని అతని విమర్శ. తిరుగుబాటు జరుగుతున్న రోజులవి. సిపాయిల అత్యాచారాల వర్ణనలతో ఇంగ్లీషు పత్రికలు నిండిపోతున్న సమయంలో, ఒక ప్రభుత్వ నివేదికలో ‘నేటివ్’ అన్న మాట ఎవరిని దాచిందో ఒక పాత్రికేయుడు సముద్రాలకు ఇవతలి సంగతిని అంత దూరం నుంచి పసిగట్టాడు. పదాల మీద ఇటువంటి శ్రద్ధ భాషావేత్తలకే పరిమితం కాదని దీనివల్ల రుజువవుతుంది.

చట్టం ఆ మాటను నిర్వచించే ప్రయత్నం కూడా చేసింది. 1870 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం, ఇండియాలో తాత్కాలికంగా కాక స్థిరంగా నివసించే తల్లిదండ్రులకు రాణిగారి ఇండియా రాజ్యంలో పుట్టి, అక్కడే స్థిరపడినవారు కూడా ‘ఇండియా నేటివులు’. రంగు ప్రసక్తి ఇందులో లేదు. కనుక నాడు యురేషియన్లనబడిన మిశ్రమ సంతతివారు శాసనరీత్యా నేటివులయ్యారు. పత్రికలు చదివే ఏ యురేషియనూ తనను నేటివ్‌గా భావించుకోలేదు, భావించుకోనివ్వలేదు కూడా. శాసనంలో యోగం గెలిచింది, పత్రికలో రూఢి గెలిచింది. ఆనాటి ‘ఆంగ్లో ఇండియన్ పత్రికలు’ అన్న మాటను నేటి విద్యార్థి మిశ్రమ సంతతివారి పత్రికలని అర్థం చేసుకోవడం కద్దు. అప్పట్లో అది ఇండియాలో ఉన్న ఇంగ్లీషువారి పేరు. ఆ పేరు యురేషియన్లకు అధికారికంగా దక్కింది 1911 జనాభా లెక్కల నాటికి.

1878లో ఈ మాటకు సంబంధించిన రెండు ఘటనలు జరిగాయి. దేశభాషా పత్రికల మీద లిట్టన్ తెచ్చిన చట్టం ఒకటి. దాని అధికారిక నామంలో నేటివ్ లేదు, ప్రాచ్య భాషలలోని ప్రచురణలని ఉంది. ‘అమృత బజార్ పత్రిక’ రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారి దాని నుంచి తప్పించుకుంది. నేటివ్ పత్రికలోని నేటివ్ భాషకు విశేషణమా, యజమానికా, అభిప్రాయానికా అన్న ప్రశ్నను ఆ మార్పు నగ్నంగా నిలబెట్టింది. భాషకే అయితే బళ్లారి క్రైస్తవ ప్రచారకులు 1835లో ప్రారంభించిన ‘సత్యదూత’ నేటివ్ పత్రిక, ‘హిందూ’ కాదు. యజమానికే అయితే దీనికి విపర్యయం. రెండో ఘటన ఈ ‘హిందూ’ పుట్టుకే. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా టి. ముత్తుస్వామి అయ్యరు నియామకాన్ని ఆంగ్లో ఇండియన్ పత్రికలు ఆక్షేపించడంతో ఆరుగురు యువకులు ఆ పత్రికను స్థాపించారు. వారిలో న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. నేటివ్ న్యాయమూర్తి ఐరోపావారిని విచారించవచ్చునా అన్న వివాదం అయిదేళ్ల తరవాత ఇల్బర్టు బిల్లు రూపంలో మళ్లీ లేచింది. ఆ గొడవ అందరికీ తెలిసినదే.

ఆ తరవాత పాలకులు ఈ మాటను మెల్లగా వదులుకున్నారు. 1885లో సిపాయి పదాతి దళాల పేర్ల నుంచి అది పోయింది. 1935 చట్టం నాటికి నేటివ్ సంస్థానాలు ఇండియన్ సంస్థానాలుగా స్థిరపడ్డాయి. అధికారం ఎక్కడిదక్కడే ఉంది. దక్షిణాఫ్రికాలో మాత్రం 1913 చట్టం నేటివుల పేరు చెప్పి వారికి దేశ భూమిలో సుమారు 7 శాతం కేటాయించింది. ఆ గడ్డ మీద పుట్టినవాడని అర్థమిచ్చే మాటే ఆ గడ్డను లాక్కోవడానికి సాధనమైంది. పాత్రికేయుడైన సోల్ ప్లాటీ 1916లో ఈ విషయం మీద ప్రచురించిన పుస్తకం పేరులోనూ నేటివ్ అన్న మాటనే నిలుపుకున్నాడు. ఎందుకో ఇక వివరించనక్కరలేదు.

తిరుగు అనువాదం

మళ్లీ మద్రాసు నివేదికల దగ్గరకు వస్తే, తెలుగు పరిశోధకుని ఇబ్బంది ఇప్పుడు కొంత స్పష్టమవుతుంది. నివేదికలోని నేటివ్ తెలుగు సంపాదకుని మాట కాదు, అనువాదకునిది. మూలంలో దేశస్థులు, హిందువులు, స్వదేశస్థులు, ప్రజలు అన్న మాటలలో ఏదైనా ఉండి ఉండవచ్చు. అన్నిటికంటే ఆలోచింపజేసే అవకాశం మరొకటి ఉంది. అక్కడ ‘మనవారు’ అని ఉండి ఉండవచ్చు. తెలుగుకు మనము, మేము అన్న భేదం ఉంది. ‘మనవారు’ అన్నప్పుడు సంపాదకుడు పాఠకుణ్ణి తనలో కలుపుకుంటాడు. దానిని ‘నేటివులు’ అని అనువదించినప్పుడు అర్థంలో తప్పు లేదు. పత్రిక ఎవరిని గురించి చెప్పిందో వారే వీరు. మారింది నిలబడిన చోటు. లోపలి నుంచి పలికిన మాట బయటి నుంచి చూపిన వేలుగా మారింది. సంపాదకుడు తన మనుషులను గురించి దొర గొంతుతో మాట్లాడినట్టయింది. ఆ నివేదిక చదివిన కలెక్టరుకు అందులో వింత ఏమీ తోచి ఉండదు.

పరిశోధకుడు దానిని ‘దేశీయులు’ అని తిరిగి తెలుగు చేస్తే ఆ మార్పు శాశ్వతమవుతుంది. ‘మనవారు’ అని రాస్తే లేని ఆధారాన్ని కల్పించినట్టవుతుంది. ‘భారతీయులు’ అనడం మరీ చిక్కు. ఆనాటి తెలుగు సంపాదకుని మనసులోని ‘మన’ ఎంతవరకు విస్తరించిందో ఆ ఒక్క మాట ముందే తేల్చేస్తుంది. అతని ‘మన’లో నిజాం రాష్ట్రపు తెలుగువారు ఉన్నారా? నివేదికలో వారు వేరే శీర్షిక కింద, నేటివ్ సంస్థానాల ప్రజలుగా ఉంటారు. హైదరాబాదులో అదే భావానికి వేరే మాట ఉండేది: ముల్కీ. 1919 ఫర్మానా దానిని ఉద్యోగ హక్కుగా చేసింది. 1952లో అది వీధిలో నినాదమైంది. ముల్కీ అన్న మాటలో ఏ ముల్కుకు అన్న సంగతి ఎప్పుడూ తెలుస్తూనే ఉంది. అందుకే కాబోలు, ఎదుటివారికి కోపం తెప్పించినప్పుడు కూడా అది తనవారికి అవమానంగా మారలేదు. అతని ‘మన’లో పంచములు ఉన్నారా అన్నది ఇంకా కఠినమైన ప్రశ్న. దానికి జవాబు ఆయా సంపాదకుల ఇతర రచనలలో వెదకవలసిందే గాని, ఒక ఇంగ్లీషు మాటకు తెలుగు పర్యాయం ఎంచుకోవడం ద్వారా దొరకదు.

కనుక నివేదికలలోని నేటివ్‌కు ఒకే పర్యాయం స్థిరపరచాలన్న కోరిక, పారిభాషిక పద నిర్మాణంలో ఎంత అభిలషణీయమైనా, ఇక్కడ హానికరం. ‘నేటివ్ సంస్థానం’ అన్నచోట స్వదేశ సంస్థానం అనడంలో నష్టం లేదు. అది ఆ కాలపు తెలుగులోనే ఉన్న మాట. ‘నేటివ్ ఉద్యోగి’ అన్నచోట ఆ ఉద్యోగి హోదా ఏమిటో, తహశ్శీల్దారో, గ్రామ మునసబో, బంట్రోతో తెలిస్తే అది చెప్పడం మేలు. నేరాన్ని పంచే మాటకు విరుగుడు ఆ వివరమే. మద్రాసు నేటివ్ అసోసియేషన్ వంటి స్వయంకృత నామాలను అనువదించకుండా ఉంచాలి. అవి ఆ మాటతో చేసిన వాదంలో భాగం. తెలుగు పత్రిక పలుకుగా నివేదికలో వచ్చే ‘నేటివులు’ విషయంలో, మూల సంచిక దొరికేదాకా, ఆ పదాన్ని తెలుగు లిపిలో అలాగే నిలిపి, ఇది అనువాదకుని మాట అని పక్కన చెప్పడం తప్ప న్యాయమైన మార్గం కనిపించదు. చదవడానికి అది ఒరుసుకుంటుంది, నిజమే. శైలి చెడిందని పరీక్షకులు ఆక్షేపించవచ్చు.

నేటి తెలుగు మాట్లాడేవారు ఈ ఇంగ్లీషు మాటను తమకు తామే వేరే విధంగా మలచుకున్నారు. రైలులో పరిచయమైన మనిషిని ‘మీ నేటివ్ ఎక్కడండీ?’ అని అడుగుతారు. ఇక్కడ నేటివ్ మనిషి కాదు, ఊరు. సినిమా సమీక్షకులు అనువాద చిత్రంలో నేటివిటీ లోపించిందని రాస్తారు. ఇంగ్లీషు పత్రికలో ఏసు జననానికి మాత్రమే చెల్లే ఆ మాట తెలుగు సమీక్షలో మట్టివాసనకు పేరైంది. ఇంగ్లీషు వ్యాకర్తల లెక్కలో ఇవి అపప్రయోగాలు. ఒకనాటి పత్రికలు చెరిపివేసిన ‘ఎక్కడ?’ అన్న ప్రశ్న మాత్రం ఈ రెంటిలోనూ ఉంది.